చిన్న అంగడి - కార్డు యంత్రము



హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, గండిపేట చెరువునకు చేరువగా, కోకాపేట యను గ్రామము కలదు. 1908లో మూసీనది పొంగి నగరమును ముంచిన పిమ్మట, మరల నట్టి యుపద్రవము రాకుండుటకును, నగరవాసులకు త్రాగునీరు చేర్చుటకును, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను కాలమున 1920లో ఆ చెరువు నిర్మింపబడినది. దాని అసలు పేరు ఉస్మాన్ సాగరు. జనుల నోట నిలిచినది మాత్రము గండిపేట. ఆ చెరువు గాలి వీచు కోకాపేటలో నేడు ఆకసము నంటు మేడలు లేచినవి. ఔటర్ రింగు రోడ్డు ఊరి ప్రక్కనే పోవుచున్నది. 2023 ఆగస్టు నెలలో హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థవారు అచ్చటి భూములను వేలము వేయగా, ఎకరము ధర అత్యధికముగా 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికినది. ఈ వార్తను పత్రికలలో చదివి మీలో ననేకులు ముక్కుపై వ్రేలు వేసికొనియుందురు.

నేను నేడు మనవి చేయబోవునది ఆ కోట్లను గూర్చి కాదు. ఆ మేడల నీడలో నాలుగు చక్రముల బండి పెట్టుకొని బత్తాయిలు, దానిమ్మలు అమ్ముకొనువాని చేతికి వానికి రావలసిన రూపాయలు ఎట్లు చేరుచున్నవి, చేరుదారిలో ఎవరెవరు సుంకము పుచ్చుకొనుచున్నారు అను సంగతి. ఇది పట్టణపు గొడవ, మనకెందుకని మీరనుకొనవలదు. ఆ బండ్ల వెనుక నిలిచినవారిలో పలువురు మీ గ్రామములనుండి పోయినవారే. కొడుకో, మేనల్లుడో నగరమున చిన్న దుకాణము పెట్టుటకు బయలుదేరునపుడు మొదట ఆలోచన యడుగునది మిమ్ములనే గదా.

ఒకనాటి సాయంకాలము నేను కోకాపేటలో నొక పండ్ల బండి యొద్ద నిలిచియుంటిని. ఉద్యోగమునుండి ఇంటికి పోవుచున్న యువకుడొకడు 640 రూపాయల పండ్లు తూయించుకొనెను. ఇయ్యబోవునంతలో ఫోనులో ఛార్జింగు అయిపోయినది. జేబులో నోటు లేదు. బ్యాంకు కార్డొకటి తీసి చూపెను. బండివానియొద్ద కార్డు పుచ్చుకొను యంత్రము లేదు. యువకుడు సిగ్గుపడి, "రేపు వస్తానన్నా" అని వెడలిపోయెను. బండివాడు తూచిన పండ్లను మరల గుట్టలో పేర్చుచు నాతో ననెను: "చూసిన్రా సార్, పోయిన గిరాకీ మళ్ళ వస్తదా? గా మిషనొకటి తీసుకోవాల్నా, వద్దా? పక్క దుకాణపాయన తీసుకున్నడు. నెలనెలా కిరాయి కడుతున్ననని ఏడుస్తడు." నేనేదో సగము తెలిసిన సమాధానము చెప్పి వచ్చితిని. ఇంటికి వచ్చిన పిదప ఆ ప్రశ్న నన్ను వదలలేదు. నేటి ప్రసంగము ఆనాడు వానికి నేను సరిగా చెప్పలేకపోయిన జవాబు.

ముందు ఈ యంత్రము పుట్టుకను చెప్పెదను. కార్డులు పుచ్చుకొను పెద్ద యంత్రములు పెద్ద దుకాణములలో చాలకాలమునుండి కలవు. మన తెలుగువారి విషయమున చూచినచో, 1923లో పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డులను ప్రవేశపెట్టెను. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంకులో విలీనమైనది. కాని కార్డు చెల్లుచోటులు నగల కొట్లు, బట్టల కొట్లు, పెద్ద హోటళ్లు మాత్రమే. యంత్రము ఖరీదైనది; దానికొక టెలిఫోను తీగ కావలెను; చిన్నవానిని నమ్మి బ్యాంకువాడు దానిని ఇయ్యడు.

2009లో అమెరికాలో సెయింట్ లూయీ నగరమున జిమ్ మెకెల్వీ యను గాజుపనివానికొక చిక్కు వచ్చినది. ఆయన ఊది చేసిన గాజు కుళాయిని కొనుటకు ఒకరు ముందునకు వచ్చిరి, వారియొద్ద నున్న కార్డును పుచ్చుకొను సాధనము ఆయనకు లేదు, బేరము తప్పిపోయినది. ఆయన తన మిత్రుడు జాక్ డోర్సీతో గూడి, ఫోనునకు చెవిగొట్టము తగిలించు రంధ్రములో గ్రుచ్చుకొను చిన్న ముక్క నొకదానిని చేయించెను. కార్డును దానిలో గీచినచో ఫోనే దుకాణపు యంత్రమగును. స్క్వేరు అను పేర ఆ సంస్థ లోకప్రసిద్ధి చెందినది. అనగా మన కోకాపేట పండ్లవాని బాధయే ఆ గాజుపనివాని బాధయు.

మన దేశమునకు ఆ ముక్క యథాతథముగా పనికిరాలేదు. కారణము చెప్పుట యవసరము. గీచుటతోనే డబ్బు పోవు పద్ధతిలో దొంగకార్డులకు అవకాశము హెచ్చని రిజర్వు బ్యాంకువారు తలచి, 2013 డిసెంబరునుండి దుకాణములలో డెబిట్ కార్డు వాడునపుడు రహస్యసంఖ్య, అనగా పిన్, నొక్కవలెనని విధించిరి. కావున మన చిన్న యంత్రములకు అంకెల మీటలు వచ్చినవి. అరచేతిలో నిమిడి, తీగ లేకయే దుకాణదారుని ఫోనుతో మాటాడు యంత్రములను బెంగుళూరున ఈజీట్యాప్, బొంబాయిలో ఎమ్‌స్వైపు మొదలగు సంస్థలు 2011 తరువాత తెచ్చినవి. వెనుకనున్న నల్లని పట్టీని మాత్రమే నమ్ముకొన్న పాత కార్డులు 2018 చివరకు మార్పించబడి, వాని స్థానమున ముందువైపు చిన్న రాగిబిళ్ల వంటి చిప్పుగల కార్డులు వచ్చినవి. ఇప్పుడు కొన్ని ఫోనులకు వేరు యంత్రమే అక్కరలేదు. కార్డును ఫోను వీపునకు తాకించిన చాలును.

ఇట్టి యంత్రము మీకు పూర్తిగా క్రొత్తది కాదు. 2007లో నాటి ఆంధ్రప్రదేశపు వరంగల్లు జిల్లాలో వృద్ధుల పింఛనులను, ఉపాధిహామీ కూలిని స్మార్టు కార్డుల ద్వారా పంచు ప్రయత్నము మొదలైనప్పటినుండి, వ్రేలిముద్ర వేయించుకొను చేతి యంత్రమును మన పల్లెలు చూచుచునే యున్నవి. పింఛను పంచువాని యంత్రము మీకు డబ్బిచ్చును. దుకాణపు యంత్రము మీ ఖాతానుండి పుచ్చుకొనును. లోపలి సూత్రము రెంటికిని దగ్గరిదే.

ఆ సూత్రమేమి? యంత్రములో డబ్బుండదు. కార్డులోను డబ్బుండదు. మన తాతల కాలపు హుండీని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఒక ఊరి షావుకారు కాగితముపై వ్రాసియిచ్చిన మాటను పట్టి మరియొక ఊరి షావుకారు రొక్కమిచ్చెడివాడు. వారిరువురు తీరికమీద లెక్క చూచుకొనెడివారు. ఇచ్చటను అదియే జరుగును. కొనువాడు కార్డును పెట్టి పిన్ నొక్కగానే, యంత్రము ఆ సంఖ్యను ఎవరికిని అర్థము కాని గుప్తలిపిగా మార్చి, ఫోను ద్వారా దుకాణదారుని పక్షపు బ్యాంకునకు పంపును. ఆ బ్యాంకు దానిని రూపే, వీసా, మాస్టర్‌కార్డు వంటి మధ్యవర్తికి పంపును. మధ్యవర్తి కొనువాని బ్యాంకును "ఈ మనిషి ఖాతాలో 640 రూపాయలున్నవా?" అని యడుగును. ఉన్నవని జవాబు అదే దారిని వెనుకకు వచ్చును. ఇదంతయు మనము రెండుసార్లు రెప్పవేయులోగా ముగియును. కాని అప్పటికి జరిగినది మాట మాత్రమే. రొక్కము దుకాణదారుని ఖాతాకు సాధారణముగా మరునాడు చేరును. రేపటి సరకునకు తెల్లవారుజామున బాటసింగారము పండ్ల మార్కెట్టునకు పోవలసిన బండివానికి ఈ ఒక్కనాటి ఆలస్యము చిన్నది కాదు. పెద్ద దుకాణము వానికి దాని యూహయే యుండదు.

బ్యాంకులను ఒకదానితో నొకటి ముడివేయు ఈ విద్యలో మన హైదరాబాదు చేసిన పని చాలమందికి తెలియదు. రిజర్వు బ్యాంకువారు 1996లో మాసబ్‌ట్యాంకు నొద్ద బ్యాంకింగు సాంకేతిక విద్యా పరిశోధన సంస్థను నెలకొల్పిరి. ఏ బ్యాంకు కార్డునైనను ఏ బ్యాంకు ఏటీఎములోనైనను వాడుకొను వీలు కలిగించిన జాతీయ స్విచ్చి 2004లో ఆ సంస్థ చేతిమీదుగా ఆరంభమైనది. 2009లో దానిని జాతీయ చెల్లింపుల సంస్థ, అనగా ఎన్‌పీసీఐ, స్వీకరించినది. ఆ ఎన్‌పీసీఐ వారే 2012లో రూపే కార్డును, 2016 ఏప్రిల్‌లో యూపీఐని తెచ్చిరి. కోకాపేటకు పదికోసుల లోపల, నగరము నడిబొడ్డున, నిశ్శబ్దముగా జరిగిన పని ఇది. దానికి వేలములు లేవు, పత్రికలలో పెద్ద అక్షరములు లేవు.

ఇక అసలు సంగతి. ఎవరి కూలి ఎంత?

నిజాము రాజ్యమున హాలీ సిక్కా చెల్లుచుండిన దినములు మీలో వృద్ధులైనవారు తమ పెద్దలనోట వినియుందురు. బ్రిటిషు ఇలాకాలో సరకు కొనవలెనన్న కల్దారు రూపాయలు కావలెను. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు ప్రమాణము. షరాబు ఆ మార్పిడిపై తన వట్టము తాను పట్టుకొనెడివాడు. కార్డు యంత్రమునందును వట్టము కలదు. 640 రూపాయలు కార్డుపై వచ్చినచో దుకాణదారుని ఖాతాలో 640 పడవు. కొంత తరుగు తీసియే పడును. ఆ తరుగులో పెద్ద పాలు కొనువాని బ్యాంకునకు, కొంత మధ్యవర్తికి, మిగిలినది దుకాణదారుని బ్యాంకునకును యంత్రమిచ్చిన సంస్థకును పోవును.

ఈ వట్టమునకు రిజర్వు బ్యాంకువారు 2018 జనవరి 1వ తేదీనుండి డెబిట్ కార్డుల విషయమున హద్దు వేసిరి. ఏడాదికి 20 లక్షల రూపాయలకు మించని వ్యాపారము చేయువానినుండి యంత్రము ద్వారా జరిగిన అమ్మకములో నూటికి 40 పైసలకు మించి పుచ్చుకొనరాదు. ఆ పైవారినుండి నూటికి 90 పైసలు. ఆ తరుగును కొనువాని నెత్తిన రుద్దరాదనియు ఆ యుత్తరువులోనే కలదు. ఐనను "కార్డు అయితే రెండు రూపాయలెక్కువ" అను దుకాణములను నేనును చూచితిని, మీరును చూచియుందురు. 2020 జనవరి 1వ తేదీనుండి రూపే డెబిట్ కార్డుపైనను, యూపీఐ పైనను వట్టము బొత్తిగా తీసివేయబడినది. క్రెడిట్ కార్డులకు మాత్రము అట్టి హద్దు వేయబడలేదు. అందులో నూటికి రెండు రూపాయల చుట్టు ప్రక్కల పోవుట సాధారణము. కోకాపేట మేడలలో నుండువారి జేబులలో క్రెడిట్ కార్డులే యెక్కువ యని గుర్తుంచుకొనవలెను.

వట్టమునైనను సహింపవచ్చును, అమ్మినపుడే పోవును గనుక. సహింపరానిది అద్దె. అమ్మినను అమ్మకపోయినను, వానకాలమున బండి తీయకపోయినను, పెండ్లికి పది దినములు ఊరికి పోయినను, యంత్రపు నెల అద్దె ఖాతానుండి తనంతట తానే పోవుచుండును. ఈ అద్దె ఏమి చేయగలదో తెలియుటకు మనము కోకాపేటను విడిచి సిద్దిపేటకు పోవలెను.

2016 నవంబరు 8వ తేదీ రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయినవి. ఆ నెలలలో బ్యాంకుల ముందు మీరు నిలిచిన వరుసలను నేను వర్ణింపనక్కరలేదు. అప్పుడు సిద్దిపేట జిల్లాలోని ఇబ్రహీంపూరు గ్రామమును నోటు అవసరము లేని గ్రామముగా మార్చుటకు, ఆ నియోజకవర్గపు శాసనసభ్యులును నాటి మంత్రియు నైన హరీశ్‌రావుగారి పూనికతో గొప్ప ప్రయత్నము జరిగినది. వయసు వచ్చినవారికందరికి బ్యాంకు ఖాతాలు తెరిపించిరి, కార్డు లిప్పించిరి. పిన్ నొక్కుట నేర్పిరి. ఊరి దుకాణములలో స్వైపు యంత్రములు పెట్టించిరి. ఇంటికి కావలసిన ఉప్పు పప్పులకు సయితము కార్డు గీచి కొనిరి. పత్రికలవారు పరుగున వచ్చిరి. దక్షిణాదికే ఆదర్శమని వ్రాసిరి. ఆ గ్రామస్థుల ఉత్సాహమును తక్కువ చేయరాదు; చదువు రాని ముదుసలులు సయితము నాలుగంకెలు కంఠస్థము చేసి పని జరుపుకొనిరి. "పల్లెవారికి ఇవి రావు" అను పట్టణపు మాటకు ఇబ్రహీంపూరు చాలిన జవాబు.

కొన్ని నెలలు గడచినవి. క్రొత్త నోట్లు మరల చేతులకు వచ్చినవి. యంత్రపు అద్దె మాత్రము నెలనెలకు తప్పక పోవుచునేయున్నది. పల్లె కిరాణా దుకాణములో నూనె పొట్లమొకటి అమ్మినచో మిగులునది రూపాయో రెండో. యంత్రము మీద జరిగిన అమ్మకముల లాభమంతయు అద్దెకు చాలదయ్యెను. దుకాణదారులు లెక్కలు చూచుకొని, యంత్రములను బ్యాంకునకు తిరిగి ఇచ్చివేసిరి. గ్రామము మరల నోటు దారి పట్టినది. యంత్రము చెడలేదు. నేర్చినవారు మరచిపోలేదు. ఎవరో ఒకరు ఆ దుకాణదారుల లాభమెంత, అద్దె యెంత యని ముందుగా కాగితముపై నాలుగు పంక్తులు వ్రాసియుండిన బాగుండెడిది. పెద్ద ప్రయత్నములలో చిన్న లెక్కను వ్రాయు మనిషి ఎప్పుడును తక్కువగనే యుండును!

ఆ నాలుగు పంక్తులను కోకాపేట పండ్లవాని కొరకు మనము వ్రాసి చూతము. యంత్రపు అద్దె నెలకు 300 రూపాయలనుకొందము. పండ్లలో కుళ్లు, తరుగు పోను నూటికి 15 రూపాయలు మిగులుననుకొందము. యంత్రము లేనందున మరలిపోవు కొనుగోలుదార్లు నెలకు పదిమంది, ఒక్కొక్కరి బేరము 640 రూపాయలు. యంత్రము కొన్నందున దక్కిన అమ్మకము 6400. దానిపై లాభము 960. అందులో అద్దె 300, క్రెడిట్ కార్డు వట్టము నూటికి రెండు చొప్పున 128. మిగిలినవి 532 రూపాయలు. మంచిదే. అట్లుగాక మరలిపోవువారు నలుగురే అయినచో? అమ్మకము 2560, లాభము 384. అద్దె 300, వట్టము 51 పోగా మిగులునది 33 రూపాయలు. నెల పొడుగున యంత్రమును మోసి, దానికి ఛార్జింగు పెట్టి, కాపాడినందుకు 33 రూపాయలు. ముగ్గురే అయినచో ఎదురు ఖర్చు.

కావున ఆ బండివాడు అడిగిన ప్రశ్నకు యంత్రములో జవాబు లేదు. ఎందరు మరలిపోవుచున్నారను దానిలో నున్నది. అది వానికే తెలియదు. ఒకడు మరలిపోయిన దుఃఖము నెల పొడుగున మనసులో నిలుచును. ఫోనుతో సుఖముగా చెల్లించి పోయిన నూర్గురు గుర్తుండరు.

ఆ ఫోను చెల్లింపు మాట వచ్చినది గనుక చెప్పెదను. బండికి వ్రేలాడదీసిన నలుపు తెలుపు గళ్ల బొమ్మ, జనులు స్కానరనునది, కాగితపు ముక్క మాత్రమే. దానికి వట్టము లేదు. అద్దెయు లేదు, "ఇన్ని రూపాయలు ముట్టినవి" అని తెలుగులో పలుకు పెట్టె పెట్టించుకొన్నచో దానికి మాత్రము కొంత అద్దె కలుగవచ్చును. చిన్న కార్డు యంత్రమును మన వీధులలో వెనుకకు నెట్టినది ఈ కాగితపు ముక్కయే. అమెరికాలో గాజుపనివాని ముక్క వీధి వీధికి పోయినది. ఇచ్చట అది పోవలసిన చోటికి కాగితము ముందుగా పోయినది. ఐనను కార్డు యంత్రము వ్యర్థమనరాదు. వేల రూపాయల బేరము జరుగు ఎరువుల కొట్టు, సెల్‌ఫోనుల కొట్టు, వైద్యశాల, పెండ్లి బట్టల దుకాణము - వీనికి అది కావలసినదే. అప్పుమీద కొనువాని క్రెడిట్ కార్డు ఆ చోట్లకే వచ్చును.

పల్లెటూరి దుకాణదారునకు ఇంకొక ఉపయోగము కలదు. బ్యాంకు ఒప్పుదల గల దుకాణములలో డెబిట్ కార్డు పెట్టి దినమునకు 2000 రూపాయలవరకు రొక్కమును దుకాణదారుని యొద్దనే పుచ్చుకొనవచ్చును. దానిపై రుసుము నూటికి ఒక రూపాయకు మించరాదు. ఏటీఎము పది మైళ్ల దూరముననున్న గ్రామమునకు ఇది మేలు. క్రెడిట్ కార్డును గీచి సరకు లేకుండ రొక్కము ఇమ్మని యడుగువానిని మాత్రము దగ్గరకు రానీయరాదు. అది నిషిద్ధము, చిక్కు దుకాణదారునకే చుట్టుకొనును. ప్రక్క దుకాణపు యంత్రముపై మన బేరమును గీయించుటయు అట్టిదే. డబ్బు ఆయన ఖాతాలో పడును, ఆయన అమ్మకముగా వ్రాయబడును. స్నేహము చెడినప్పుడు మనకు సాక్ష్యము లేదు.

యంత్రమును ప్రచారము చేయుటకు వచ్చు యువకుడు మర్యాదస్థుడే కావచ్చును. వానిని నాలుగు మాటలు తప్పక అడిగించుడు. అద్దె యెంత, అమ్మకము లేని నెలలోను కట్టవలెనా? ఏ కార్డునకు ఎంత వట్టము? డబ్బు ఏనాడు ఖాతాకు వచ్చును? తిరిగి ఇచ్చివేసినచో ముందు కట్టినది వాపసు వచ్చునా? జవాబులను కాగితముపై వ్రాసి యిమ్మనుడు. చిన్న పట్టణములలో, గ్రామములలో యంత్రములను పెట్టించు ఖర్చులో కొంత భరించుటకు రిజర్వు బ్యాంకువారు 2021 జనవరిలో ప్రత్యేక నిధిని ఏర్పరచిరి. ఆ సంవత్సరమే, ప్రభుత్వపు స్వనిధి పథకము క్రింద 2020లో 10,000 రూపాయల అప్పులతో మొదలిడిన వీధివర్తకులను పెద్ద నగరములందును దానిలో చేర్చిరి. ఆ సాయము యంత్రమును పెట్టు బ్యాంకునకు, సంస్థకు ఉద్దేశింపబడినది. దాని ఫలము అద్దెలో తరుగుదలగా దుకాణదారునకు చేరినదా లేదా యని అడుగు హక్కు వానికి కలదు.

ఇక కొనువారిగా మీరు తెలిసికొనవలసినది. ఒకపరి నేను ఒక దుకాణములో 1,850 రూపాయల సరకు కొని కార్డు పెట్టితిని. యంత్రము "జరుగలేదు" అనెను. నా ఫోను మాత్రము "పోయినవి" అని వార్త పంపెను. దుకాణదారుడు తనకు రాలేదనెను. నాయందు పోయినది నిజము. ఇరువురము ఒకరి ముఖమొకరము చూచుకొంటిమి. ఆయన అబద్ధమాడుచున్నాడేమో యని క్షణకాలము నాకు తోచినదని ఒప్పుకొనవలెను. నాలుగవనాడు సొమ్ము నా ఖాతాకు మరల వచ్చినది. అప్పుడు నేను నియమము చదివితిని. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకువారిచ్చిన ఉత్తరువు ప్రకారము, ఖాతాలో తగ్గి దుకాణమునకు చేరని సొమ్మును బ్యాంకు తనంతట తాను అయిదు దినములలో వాపసు చేయవలెను. ఆ గడువు మీరినచో దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారము, ఎవరును అడుగకయే, జమచేయవలెను. యంత్రమునుండి వచ్చిన చీటిని, ఫోనుకు వచ్చిన వార్తను దాచుకొన్న చాలును. దుకాణదారునితో తగవు పడనక్కరలేదు.

ఎవరో మీ కార్డుతో మోసము చేసి డబ్బు లాగినచో మూడు పనిదినములలోగా బ్యాంకునకు తెలుపుడు. మీ పొరపాటు లేనియెడల నష్టము మీపై పడదని 2017నాటి నియమము. అట్టి మోసములకు 1930 అను ఫోను సంఖ్యకు వెంటనే తెలుపవచ్చును. బ్యాంకు ముప్పది దినములలో జవాబీయకున్నను, ఇచ్చిన జవాబు న్యాయముగా తోపకున్నను, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనుకు ఖర్చు లేకుండ వ్రాసికొనవచ్చును. కార్డు తాకించినంతనే పిన్ అడుగక పోవు పద్ధతి యొకటి కలదు. 2021 జనవరినుండి దాని హద్దు ఒక్కొక్క పర్యాయమునకు 5000 రూపాయలు. అది అక్కరలేదనుకొన్నచో బ్యాంకువారితో చెప్పి దానిని మూయించవచ్చును. పిన్‌ను మనుమనికి చెప్పి గీయించు తాతలు మీలో కలరని నాకు తెలియును. మనుమడు మంచివాడే. ఐనను మీటలు మీరే నొక్కుడు, నాలుగే గదా!

కొన్ని దినముల పిదప నేను మరల కోకాపేటకు పోయి ఆ పండ్లవానిని చూచితిని. పైన చెప్పిన లెక్కలను వానికి వినిపించి, ఒక నెలపాటు యంత్రము లేక మరలిపోయినవారికొక్కొక్కరికి ఒక్కొక్క గీత గీచుకొమ్మని చెప్పితిని. నెల నిండిన తరువాత పోగా, తూకపురాళ్ల డబ్బా క్రిందినుండి చిన్న నోటుపుస్తకము తీసి చూపెను. గీతలు పదునొకండు. నేను సంతోషించి, "అయితే యంత్రము గిట్టును" అంటిని. వాడు నవ్వి, "ఆగుండ్రి సార్" అని గీతలపై వ్రేలు పెట్టి లెక్కించెను. "గీ మూడు మంది ఇంటికి పోయి ఫోన్ ఛార్జింగ్ పెట్టుకొని అదే రాత్రి మళ్ళ వచ్చిన్రు. గీ నాలుగు గీతలు ఒక్క మనిషియే - మీరు చూసిన ఆ పోరడు. ఆయన ఫోన్ ఎప్పుడూ సచ్చిపోయే ఉంటది. గందుకే ఆయనకు ఖాతా రాసిన. నెలకొక్కపారి ఫోన్ల ఏస్తడు. మిగిలినయి నాలుగు." అని చెప్పి, పుస్తకము మూసి, ఎదుట నిలిచిన ఇల్లాలికి దానిమ్మలు తూచుటకు లేచెను.